డ్రైను గట్టు తోటకూర

"ఏవమ్మా, నువ్వమ్మే తోటకూర నువ్వు తింటావా?"

పొద్దున పాలప్యాకెట్ల వేళ, ఏలూరు శివారు కాలనీ గేటు దగ్గర, నలుగురూ వినేలా పట్టాభిరామయ్య గారు అడిగిన మాట ఇది. ఆయన బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, కాలనీ సంఘానికి అధ్యక్షుడు. విక్టోరియా అప్పుడే గంప దించి, పైన కప్పిన తడిగుడ్డ తీసి, తోటకూర ఒక పక్క, చుక్కకూర ఒక పక్క పేరుస్తోంది. చుట్టూ చేరిన ఆడవాళ్ల చేతుల్లో చిల్లర సిద్ధంగా ఉంది. ఆ మాట వినగానే ఆ చేతులు కొంగుల చాటుకు వెళ్లిపోయాయి.

విక్టోరియా పేర్చడం ఆపలేదు.

"తింటానండీ. నిన్న పప్పులో వేశాను, మా ఆయన రెండోసారి కలుపుకున్నాడు. తమరింట్లో ఫ్లష్ నొక్కితే అది ఎక్కడికెళ్తుందో తమరెప్పుడైనా వెళ్లి చూశారాండీ?"

ఆయన చూడలేదు. చూడాల్సిన అవసరం ఆయనకెప్పుడూ రాలేదు. అలాంటి అవసరం రాకుండా ఉండటానికే కదా ఊళ్లలో పైపులు వేసుకునేది. ఆయన ఫోను తీసి, గ్రూపులో వచ్చిన మెసేజి పైకి చదివాడు. డ్రైను నీళ్లతో పెంచే ఆకుకూరల్లో ఫిట్స్ మందు, షుగరు మందు ఉన్నాయని ఎవరో విద్యార్థిని పరీక్షలు చేసి తేల్చిందట. కింద ఎర్ర అక్షరాలతో, చేతులు జోడించిన బొమ్మలతో, మీ కుటుంబాన్ని మీరే కాపాడుకోండి అని ఉంది. ఆ విద్యార్థిని విక్టోరియా సొంత చెల్లెలి కూతురన్న సంగతి మెసేజిలో లేదు.

ఆ పూట గంపలో సగానికి పైగా ఇంటికి తిరిగొచ్చింది. మర్నాడు గేటు దగ్గర వాచ్‌మన్ అడ్డుపడ్డాడు. గేటు దగ్గర ఆకుకూరల గంప దించడానికి వీల్లేదని సంఘం తీర్మానించిందని, తనేం చేయగలనని అతను బతిమాలినట్టు చెప్పాడు. విక్టోరియా గంపను గేటుకు అవతల, రోడ్డు మార్జిన్‌లో దించింది. ఆ మార్జిన్ కాలనీది కాదు, ఆర్ అండ్ బీ వాళ్లది. అంతవరకు ఆమెకు తెలుసు.

విక్టోరియా ముదినేపల్లి దగ్గర ఒక పేటలో పుట్టింది. పేరు వినగానే ఇంగ్లండు రాణి గుర్తొచ్చేవాళ్లకు ఆమె తల్లి అడ్డుపడేది. అది రాణి పేరు కాదు, కాన్పు చేసిన మిషను ఆసుపత్రి నర్సు పేరు. చదువు ఏడో తరగతితో ఆగింది. పేదరికం ఆపిందని రాయడం తేలిక. నిజానికి ఆపింది లెక్కల మాస్టారు. ఆయన బెత్తం ఎత్తితే ఈమె పలక ఎత్తింది. మళ్లీ ఆ బడి గుమ్మం తొక్కలేదు.

ఎలీయాజరును చేసుకుని కొల్లేరు లోపలికి కాపురానికి వెళ్లింది. చేపల చెరువులు ఊపు మీదున్న రోజులు. అతను వల లాగేవాడు, ఆమె మేత కలిపేది. మేతలో మందు కలపడమూ ఆమె పనే. చేపకు జబ్బు చేస్తే మందు, చేయకపోయినా చేస్తుందేమోనని మందు. చేపల పట్టుబడి అయిపోయాక చెరువు నీళ్లు డ్రైనులోకి వదిలేసేవాళ్లు. ఆ నీళ్లు కింద ఎవరి వరి చేలోకి వెళ్తాయో యజమాని అడగలేదు, కూలీలు అడగలేదు, విక్టోరియా కూడా అడగలేదు. ఆమెను పర్యావరణ వీరనారిగా చూపించాలని సరదా పడేవాళ్లు ఈ సంగతి కాస్త గుర్తుంచుకోవాలి.

ప్రభుత్వం కొల్లేరులో అక్రమమని చెరువు గట్లు పేల్చేసిన ఏడాది ఆ పని పోయింది. ఎలీయాజరు ఆకివీడులో చేపల లారీలకు ఐసు కొట్టే పనిలో చేరాడు. ఆమె ఏలూరు శివార్లో, ఒక డ్రైను గట్టు పక్కన ముప్పై సెంట్లు కౌలుకు తీసుకుంది. నేల యజమాని హైదరాబాదులో ఉంటాడు. కౌలు అందినంతకాలం ఆ నేల ఉన్నట్టు ఆయనకు గుర్తుండదు. అందకపోతే ఆ మర్నాడే ప్లాట్లు వేసేవాళ్లకు ఇచ్చేయగలడు. విక్టోరియా బతుకు మొత్తం ఆ ముప్పై సెంట్ల మీద, ఆ ముప్పై సెంట్లు రోజూ అమ్ముడయ్యే ఆకు మీద నిలబడి ఉన్నాయి.

అప్పట్లో ఆ డ్రైనులో పారింది పొలాల మురుగే. వానాకాలం బురదమట్ట చేపలు దొరికేవి. తర్వాత కాలనీ వచ్చింది. ఇళ్ల సెప్టిక్ ట్యాంకులు నిండినప్పుడల్లా పొంగి డ్రైనులో పడటం మొదలైంది. తర్వాత నాలుగంతస్తుల హాస్పిటల్ వచ్చింది, దాని వెనక నుంచి లావుపాటి పైపు ఒకటి డ్రైనులోకి మూతి పెట్టింది. చాలామంది అనుకుంటున్నట్టు విక్టోరియా వెతుక్కుని వెళ్లి మురికి పక్కన తోట వేయలేదు. తోట పక్కకి ఊరి మురికే నడిచొచ్చింది.

ఇంకో నీళ్లు వాడొచ్చు కదా అనే మాట అందరి నోటా సిద్ధంగా ఉంటుంది. కాలువ నీళ్లు ఆ చివరి భూములకు ఎక్కవు. బోరు వేస్తే ఉప్పు. పక్క కౌలుదారు వేసి చూశాడు, ఆకు అంచులు మాడిపోయాక మోటారు అమ్ముకుని వెళ్లిపోయాడు. మిగిలింది డ్రైనే. ఆ మురుగులో బలం ఉంది కూడా. యూరియా ఖర్చు తగ్గింది, తోటకూర కాడ బొటనవేలంత లావున లేచింది. విక్టోరియా అప్పుడు సంతోషించింది. అది దాచాల్సిన సంగతేమీ కాదు.

చెల్లెలి కూతురు నిస్సీ తాడేపల్లిగూడెంలో ఎమ్మెస్సీ చదువుతోంది. ప్రాజెక్టు పని కోసం పెద్దమ్మ తోటకొచ్చి డ్రైను నీళ్లు, మట్టి, ఆకు సీసాల్లో పట్టుకెళ్లింది. హాస్పిటల్ పైపుకు ఎగువన ఒకసారి, దిగువన ఒకసారి నీళ్లు ముంచింది. ఎగువన కూడా మందులున్నాయి, అవి కాలనీవి. దిగువన చాలా ఎక్కువున్నాయి, అవి హాస్పిటల్‌వి. ఆకులో ఫిట్స్ మందు, షుగరు మందు కనిపించాయి. జ్వరాలకిచ్చే యాంటీబయాటిక్స్ ఎక్కువగా మట్టినే పట్టుకుని ఉన్నాయి. నిస్సీ ఈ సంగతి మొదట చెప్పింది పెద్దమ్మకే. తోటకూర పులుసు కలుపుకుంటూ, ముద్ద చేతిలో పట్టుకుని చెప్పింది. విక్టోరియా ఆ ముద్ద తినమని కసిరింది. తర్వాత కాలేజీ సెమినార్లో చెబితే, ఎవరో తెర మీది బొమ్మను ఫోటో తీశారు. ఆ ఫోటో తిరిగి తిరిగి, ఎర్ర అక్షరాలు తగిలించుకుని, పట్టాభిరామయ్య గారి ఫోనుకు చేరింది.

గేటు బయటికి నెట్టబడ్డాక విక్టోరియా మొదట చేసిన పని కడగడం. ఆకుకూరల వ్యాపారంలో కడగడమే సగం పని. కోసిన ఆకును నీళ్లలో ముంచి, దులిపి, కట్ట కట్టి, తడిగుడ్డ కప్పితేనే మధ్యాహ్నం దాకా నవనవలాడుతుంది. ఇంతకాలం డ్రైనులోనే ముంచేది. ఇక మీదట కాదనుకుంది. చర్చి కాంపౌండు కుళాయి నుంచి ఎలీయాజరు సైకిలు మీద బిందెలతో నీళ్లు మోశాడు. ఒక తొట్టిలో ఉప్పు నీళ్లు, ఒక తొట్టిలో పసుపు నీళ్లు, ఒక తొట్టిలో మంచి నీళ్లు. మూడు తొట్లలోనూ ముంచి తీసిన ఆకు కొత్త చీరలా మెరిసింది. మూడు నీళ్లు కడిగిన తోటకూర అని మార్జిన్‌లో కేకేసి మరీ అమ్మింది. కొందరు వెనక్కొచ్చారు. విక్టోరియా గెలిచాననే అనుకుంది.

ఆదివారం చర్చి అయ్యాక తోటకొచ్చిన నిస్సీ ఆ తొట్లు చూసి గట్టు మీద కూర్చుండిపోయింది.

"పైన ఉంటే కడిగితే పోతుంది పెద్దమ్మా. ఇది లోపలుంది. పులుసు మరిగితే నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు గిన్నెలోనే ఉంటుంది కదా? మొక్కా అంతే. వేరుతో తాగుద్ది, ఆకుతో ఆవిరి వదులుద్ది. నీళ్లు పోతాయి, మందు ఆకులో కూర్చుంటుంది."

"ఎంత కూర్చుంటుందే?"

"ఒక మాత్రంత రావాలంటే చిన్న లారీడు ఆకు తినాలి."

"లారీడు తినేవాడు మందు వల్ల చావడే, తోటకూర వల్లే చస్తాడు."

నిస్సీ నవ్వలేదు. రోజూ కొంచెం కొంచెంగా, ఏళ్ల తరబడి తింటే ఏమవుతుందో, కడుపుతో ఉన్నవాళ్లకి, పసిపిల్లలకి ఏమవుతుందో ఎవరికీ గట్టిగా తెలియదని చెప్పింది. అంతకంటే తనకు ఎక్కువ భయం డ్రైను బురద అంది. అందులో సూక్ష్మజీవులు రోజూ యాంటీబయాటిక్స్ రుచి చూస్తూ వాటికి అలవాటు పడిపోతున్నాయి. రేపు నిజంగా జబ్బు చేసినప్పుడు ఆ మందు ఇస్తే అవి లెక్కచేయవు. షుగరు మాత్ర సంగతీ చెప్పింది. అది ఒంట్లో తన పని తాను చేసుకుని, దాదాపు ఉన్నది ఉన్నట్టుగా మూత్రంలో దిగిపోతుందట.

చివరికి తన వల్లే ఇదంతా జరిగిందని ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది. విక్టోరియాకు ఏడుపులు పడవు.

"నువ్వు ఉన్నది చెప్పావు. ఎందుకు చెప్పావని నిన్ను కసురుకుంటే నాకూ ఆ పైపు పెట్టినోళ్లకీ తేడా ఏముంది? లే, లేచి ఆ తొట్లు ఒలకబోయ్."

అక్కడితో కడగడం ఆగిపోయింది. అసలు తగువు మొదలైంది.

హాస్పిటల్‌కు మురుగు శుద్ధి చేసే ప్లాంటు లేదని కాదు. ఉంది. విక్టోరియా తోట కంచెకు ఆనుకునే ఉంది. రెండు సిమెంటు ట్యాంకులు, గాలి కొట్టే మోటారు, నీలం రంగు బోర్డు. బోర్డు ప్రకారం నీళ్లు శుద్ధి అవుతున్నాయి. మోటారు ప్రకారం అవట్లేదు. ట్యాంకు గోడ మీద రోజంతా కొంగలు వరసగా కూర్చుని ఉంటాయి. మోటారు మోగితే అవి ఒక్కసారిగా లేచిపోతాయి. కొంగలు లేచిన రోజున హాస్పిటల్ ముందు ప్రభుత్వం జీపు ఆగి ఉంటుంది. ఈ రెంటికీ ఉన్న సంబంధం కనిపెట్టడానికి ఎమ్మెస్సీ అక్కర్లేదు, ఆ కంచె పక్కన కలుపు తీస్తే చాలు.

హాస్పిటల్ యజమాని డాక్టర్ క్రాంతి కుమార్. విక్టోరియా వెళ్లే చర్చిలోనే సంఘపెద్ద. పెద్ద నగరాల్లో చదివి, పని చేసి, హాస్పిటల్ కట్టాకే ఈ ఊరికీ ఈ సంఘానికీ వచ్చాడు. చెడ్డవాడు కాదు. పేదవాళ్లకి ఫీజు తగ్గిస్తాడు, చర్చి ఫ్యాన్లన్నీ ఆయనిచ్చినవే. మంచివాళ్లతో వచ్చే చిక్కే అది. వాళ్లని ఏదైనా అడగాలంటే ముందు పది మంచి పనులు దాటుకుని వెళ్లాలి. విక్టోరియా దాటుకునే వెళ్లింది. ఆరాధన అయ్యాక చెప్పులేసుకుంటున్న ఆయన ముందు నిలబడి, మోటారు తిప్పించండి అని అడిగింది.

ఆయన ఓపిగ్గా విన్నాడు. కరెంటు బిల్లు గురించి, మనుషులు దొరక్కపోవడం గురించి మెత్తగా చెప్పాడు. ఆమె కష్టం తనకర్థమైందన్నాడు. ఈ వయసులో ఎండలో ఆ చాకిరీ ఎందుకని, హాస్పిటల్లో ఆయా పని ఇప్పిస్తానని, నీడపట్టున ఉండొచ్చని, తుడవడం, గుడ్డలు మార్చడం తప్ప బరువు పని ఉండదని అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఎంత దయగల మాట అన్నట్టు తలలూపారు.

"హాస్పిటల్ తుడవడానికి నేనెందుకండీ, మనుషులున్నారుగా," అంది విక్టోరియా. "మీరు డ్రైనులోకి తుడిచేస్తున్నదాని సంగతి చూడండి. దానికే మనుషులు లేరు."

ఆ వారంలో పాస్టరు అయ్యగారు ఇంటికొచ్చి ప్రార్థన చేశారు. సంఘంలో శాంతి సమాధానాలు ముఖ్యమన్నారు. పదిమంది ఆరోగ్యం కోసం ఆ ఆకు మానేసి వేరే ఏదైనా చూసుకుంటే అది కూడా ఒక త్యాగమేనన్నారు. త్యాగం అనే మాట ఎప్పుడూ ఏటవాలుగానే దొర్లుతుంది. ఎగువనున్నవాళ్ల నోట్లో పుట్టి, దిగువనున్నవాళ్ల గుమ్మంలో ఆగుతుంది. విక్టోరియా అయ్యగారికి టీ ఇచ్చి, అలాగేనండీ, డాక్టరు గారినీ ఒక త్యాగం అడగండి, కరెంటు బిల్లుది, అంది. అయ్యగారు టీ తాగి వెళ్లిపోయారు.

ఎలీయాజరు మాత్రం నిజంగానే భయపడ్డాడు. అమ్మకం సగానికి పడిపోయింది. ఐసు పనితో కౌలు తీరదు. పెద్దవాళ్లతో తగువెందుకు, ఆయా పనిలో చేరిపోరాదా అన్నాడు. చెరువుల్లో మందు కలిపినప్పుడు లేని పట్టింపు ఇప్పుడెందుకని కూడా అడిగాడు. అది సూటి ప్రశ్నే. విక్టోరియా అన్నం గిన్నె కడిగి బోర్లించింది. ఆ తర్వాత చెప్పింది. అప్పుడు తను ఎగువన ఉంది, ఇప్పుడు దిగువన ఉంది, దిగువకొచ్చాకే కనపడింది. కనపడ్డాక కూడా నోరు మూసుకోవడం తన వల్ల కాదు.

అంతలో కోతపండుగ వచ్చింది.

మిషను కాలం నాటి చర్చిల్లో ఈ పండుగ తీరు తెలియనివాళ్లకి రెండు మాటలు. పంటలు చేతికొచ్చే రోజుల్లో ఒక ఆదివారం, ఎవరు పండించింది వాళ్లు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. వరికంకుల తోరణాలు కడతారు. గుమ్మడికాయలు, అరటిగెలలు, కోడిపుంజులు, పాలు, చేపలు. ప్రార్థన అయ్యాక వాటినే వేలం వేస్తారు, డబ్బు సంఘానికి. పాట ఎంత పెరిగితే అంత సరదా, అంత గౌరవం. రూపాయి చేసే కోడిగుడ్డును నూటికి పాడినవాళ్లున్నారు. డబ్బు ఆ క్షణంలోనే ఇవ్వక్కర్లేదు, తర్వాత ఇవ్వొచ్చు. కాని వస్తువు విషయంలో కట్టుబాటు గట్టిది. పాడుకున్నవాళ్లు తెచ్చినవాళ్ల చేతి మీదుగా అందుకోవాలి, ఆ రోజే ఇంటికి తీసుకెళ్లి వండుకోవాలి. ప్రార్థన చేసిన మొదటి పంట పారేయకూడదు. ఒకాయన పాడుకున్న గుమ్మడికాయను చర్చి అరుగు మీదే మర్చిపోతే, ఆ ఇంట్లో పెళ్లి సంబంధం చెడిందాకా ఆడవాళ్లు ఆ మాట వదల్లేదు.

విక్టోరియా ఏటా తోటకూర తెచ్చేది. ఈసారి తేదని చర్చి స్త్రీల సమాజంలో అందరూ అనుకున్నారు. తెచ్చింది. కొత్త గంపలో, అరటినారతో బిగించిన పది కట్టలు. వేర్లకు డ్రైను బురద అలాగే ఉంది, కడగలేదు. గుమ్మడికాయ పక్కన, టబ్బులో ఈదుతున్న కొర్రమీను పక్కన పెట్టింది. ఆ కొర్రమీను ఏ చెరువులో ఏం తిని పెరిగిందని ఎవరూ అడగలేదు. గంప వైపు మాత్రం ఒకరిద్దరు ముక్కు మీద కొంగు వేసుకుని చూశారు. దేవుడి ముందు ఇలాంటిది పెడతారా అని ఒకావిడ గొణిగింది. పొలంలో పండింది తెమ్మన్నారు, పండిందే తెచ్చాను, అంది విక్టోరియా.

వేలం వేసేది ఎలీషా. కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. స్తంభం మీంచి కిందికి కేకేసి కేకేసి గొంతు అలా స్థిరపడిపోయింది. సంఘం డబ్బు చూసేదీ ఆయనే. కొర్రమీను మంచి ధరకు పోయింది. అరటిగెల పోయింది. తోటకూర గంప ఎత్తి పట్టుకుని, పాట యాభై అన్నాడు. ఎవరూ పలకలేదు. నలభై అన్నాడు. డాక్టరు గారిచ్చిన ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు.

విక్టోరియా లేచింది.

"ఎలీషా అన్నయ్యా, ఒక్క మాట చెప్పాక పాడమనండి. ఇది ఆ డ్రైను గట్టు తోటకూరేనండీ, దాచేదేం లేదు. ఇందులో షుగరు మందుంది, ఫిట్స్ మందుంది. నావి కాదు, నాకు షుగరు లేదు. ఇక్కడ కూర్చున్నవాళ్లవీ, కాలనీ వాళ్లవీ, హాస్పిటల్లో పడుకున్నవాళ్లవీ. మీరు మింగినవే నా ఆకులోకొచ్చాయి. హాస్పిటల్ వెనక మురుగు శుద్ధి చేసే మోటారుంది, తిప్పితే తగ్గుతాయంట. తిప్పట్లేదు. నన్ను మానెయ్యమంటున్నారు. నేను మానేస్తే డ్రైను మానదు కదండీ. కింద కొల్లేరు దాకా ఇంకొకళ్ల చేలోకి పోద్ది. తీసుకునేవాళ్లు తెలిసి తీసుకోండి. అంతే."

కూర్చుంది. చాలా తలలు ముందు వరస వైపు తిరిగాయి. ముందు వరసలో డాక్టర్ క్రాంతి కుమార్ ఉన్నాడు. ఆయన తెలివైనవాడు. ఆ గంప అక్కడ ఎంతసేపు ఉంటే తనకంత ఇబ్బందని వెంటనే గ్రహించాడు. దాన్ని అక్కణ్ణించి తప్పించడానికి ఆయనకు తెలిసిన మార్గం ఒక్కటే. నవ్వుతూ చెయ్యెత్తాడు.

"ఐదు వేలు."

చప్పట్లు మోగాయి. అయ్యగారి ముఖం వెలిగింది. ఎలీషా మూడుసార్లు కేకేసి పాట కొట్టేశాడు. డాక్టరు గారు కూర్చుని ఫోను చూసుకోబోయాడు. ఆయన దృష్టిలో అయిపోయింది.

ఇక్కడే ఆయన పొరబడ్డాడు. ఆయన కొన్నది తోటకూర అనుకోలేదు, తగువు అనుకున్నాడు. తగువు కొని పక్కన పెట్టొచ్చు. కోతపండుగలో పాడిన వస్తువును పక్కన పెట్టడానికి వీల్లేదు. ఈ సంఘంలో పుట్టి పెరిగిన ఏ పిల్లాడికైనా తెలిసిన సంగతి, ఫ్యాన్లిచ్చిన పెద్దమనిషికి తెలియలేదు. విక్టోరియా గంప తెచ్చి ఆయన ముందు నిలబడింది. ఆయన తీసుకుని డ్రైవరు కోసం చూశాడు. స్త్రీల సమాజంలో అందరికంటే పెద్దావిడ కాంతమ్మ గారు వెనక నుంచి పలకరించింది.

"డాక్టరు గారండీ, పప్పులో వేయిస్తారా, పులుసు పెట్టిస్తారా? ఇవాళే వండించాలండీ, ప్రార్థన చేసిన కూర."

నవ్వులు లేచాయి, ప్రేమగానే. ఆయనా నవ్వాడు. ఇంత ఆకు ఇంట్లో ఎవరు తింటారండీ, హాస్పిటల్ క్యాంటీనుకి పంపిద్దాం అన్నాడు.

"పేషెంట్లకాండీ?" అంది విక్టోరియా.

గట్టిగా అనలేదు. మామూలుగా, కట్ట ఎంతకిస్తావని అడిగితే చెప్పినట్టు అంది. నవ్వులు ఆగిపోయాయి. క్యాంటీనుకి పంపితే పేషెంట్లకు పెట్టినట్టు. వద్దంటే అది తినదగింది కాదని ఒప్పుకున్నట్టు. అది తినదగింది కాకపోతే ఎందుకు కాలేదో ఇందాకే అందరూ విన్నారు. డాక్టరు గారు వేర్ల బురద తెల్లచొక్కాకు అంటుతుండగా గంప తానే మోసుకుంటూ నడవ మధ్య నుంచి బయటికి వెళ్లాడు.

ఆ వారం మధ్యలో ఒక పొద్దున విక్టోరియా కలుపు తీస్తుంటే ట్యాంకు గోడ మీది కొంగలు ఒక్కసారిగా లేచాయి. ఆమె లేచి హాస్పిటల్ ముందుకు వెళ్లి చూసింది. జీపు లేదు. మర్నాడూ కొంగలు కూర్చోలేదు.

కథ ఇక్కడ ఆపితే బాగుండేది, కానీ ఆపితే అబద్ధమవుతుంది. నిస్సీ మళ్లీ నీళ్లు పట్టుకెళ్లి చూసింది. షుగరు మందు చాలా తగ్గింది. ఫిట్స్ మందు దాదాపు అలాగే ఉంది. అలాంటి ప్లాంట్లకు అది సామాన్యంగా లొంగదట. కాలనీ ట్యాంకులు పొంగుతూనే ఉన్నాయి. అందుకని విక్టోరియా తోట తీరు మార్చింది. ఎవరి మాటకో తలొగ్గి కాదు, తన లెక్క తాను వేసుకుని. ఆకులో ఎక్కువ, కాయలో తక్కువ అని నిస్సీ చెప్పింది కాబట్టి సగం నేలలో బెండ, వంగ వేసింది. పావు వంతులో బంతి వేసింది. ఆ పూలు ద్వారకా తిరుమల దాకా వెళ్తున్నాయి. మిగిలిన పావులో తోటకూర ఉంది. మానెయ్యమన్నవాళ్లందరికీ కనపడేలా రోడ్డు వైపు ఉంది. అడిగినవాళ్లకు ఏ నీళ్లతో పెంచిందో చెప్పే అమ్ముతుంది. విని కూడా కొనేవాళ్లు ఉన్నారు. కౌలు కట్టింది.

మోటారు రోజూ తిరుగుతుందనీ కాదు. కొంగలు కూర్చున్న పూట విక్టోరియా హాస్పిటల్ రిసెప్షన్‌కి ఫోను చేస్తుంది. తన పేరు చెప్పదు, ఫిర్యాదు చేయదు. కొంగలు కూర్చున్నాయండీ అని పెట్టేస్తుంది. రిసెప్షన్‌లో పిల్లలు మారినా ఆ మాటకు అర్థమేంటో కొత్తవాళ్లకి చెప్పే వెళ్తున్నారు. కాసేపటికి కొంగలు లేస్తాయి.

గంప ఇప్పటికీ గేటుకు అవతల మార్జిన్‌లోనే దించుతుంది. తీర్మానం ఎత్తేశామని, లోపలికి రావచ్చని వాచ్‌మన్‌తో కబురంపారు. ఇక్కడ బావుందని చెప్పమంది. పట్టాభిరామయ్య గారే రోడ్డు దాటి వచ్చారు, బెండకాయలు ఎంతని అడిగారు. ఆమె చెప్పిన ధరకు ఆయన కళ్లజోడు సవరించుకున్నారు.

"తమరి మందు ఇందులో తక్కువండీ," అంది విక్టోరియా. "అందుకని ధర ఎక్కువ."

ఆయన అర కిలో తూయమన్నారు. పక్కనున్న తోటకూర వైపు కూడా చూశారు. కొనలేదు. ఆమె చెయ్యి చాచలేదు.

పండుగ నాటి పది కట్టల సంగతి డాక్టరు గారి డ్రైవరు చెబితే తెలిసింది. ఆయన వాటిని వండించలేదు. పారేయించడానికీ ధైర్యం చేయలేదు. కారు డిక్కీలో పెట్టించి, వాసన వచ్చేదాకా అలాగే తిప్పాడు. తర్వాత డ్రైవరే తీసుకెళ్లి తన ఇంటి జామచెట్టు మొదట్లో పాతేశాడు. పారేయలేదు, పాతాను అని ఇప్పటికీ నొక్కి చెబుతాడు.

పాట డబ్బు కోసం ఎలీషా రసీదు పుస్తకం పట్టుకుని హాస్పిటల్‌కు వెళ్లాడు. డాక్టరు గారు వెంటనే చెక్కు రాయబోయారు. రసీదులో తోటకూర అని కాకుండా విరాళం అని రాయమన్నారు. పాడింది తోటకూర, రాసేది తోటకూర, అన్నాడు ఎలీషా. చెక్కు సంతకం కాకుండానే సొరుగులోకి వెళ్లిపోయింది. తర్వాత మళ్లీ వెళ్లాడు, మళ్లీ అదే మాట. మళ్లీ కోతపండుగ దగ్గరికొస్తోంది. కిందటి పండుగలో డాక్టర్ క్రాంతి కుమార్ గారు పాడిన పది కట్టల తోటకూర తాలూకు ఐదు వేల రూపాయలు సంఘానికి ఇంకా రావాలి.